తెరిచినవారిదే మూసే బాధ్యత



నేడు పట్టాలు అందుకుంటున్న మీలో సెలవులకు సికింద్రాబాదుకో, విజయవాడకో రైలు టికెట్టు తీసుకున్నవారు చాలామంది ఉంటారు. రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలైంది. తర్వాత రైల్వే వారి క్రిస్ సంస్థ తయారుచేసిన ‘కాన్సర్ట్’ వ్యవస్థ 1994లో తొలిసారి సికింద్రాబాదులో అమలైంది. 1999 నాటికి దేశంలోని ఐదు రిజర్వేషన్ కేంద్రాలూ ఒకే నెట్‌వర్కుగా కలిశాయి. అప్పటినుంచి ఢిల్లీ కౌంటరులోనూ సికింద్రాబాదు కౌంటరులోనూ ఒకే క్షణంలో ఒకే బెర్తు అడిగే వీలు వచ్చింది. దాన్ని ఇద్దరికీ అమ్మకుండా కాపాడేది డేటాబేస్ ట్రాన్సాక్షన్. బెర్తు కేటాయింపు, టికెట్టు నమోదు రెండూ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు. ఈ ఆలోచనకు గట్టి పునాది వేసిన జిమ్ గ్రేకు 1998లో ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

ట్రాన్సాక్షన్ మొదలుపెట్టడం ఒక్క పంక్తి పని. దాన్ని సరిగ్గా ముగించడంలోనే మన పనితనం తెలుస్తుంది. కమిట్‌గానీ రోల్‌బ్యాక్‌గానీ చేయకుండా వదిలేస్తే, అది పట్టుకున్న లాకుల కోసం ముక్కూమొహం తెలియనివారు ఎదురుచూస్తారు. పోస్ట్‌గ్రెస్‌లోనైతే పనికిరాని పాత వరసలను వ్యాక్యూమ్ తొలగించలేక టేబుల్ ఉబ్బిపోతుంది. క్వెరీ ఫలితాలను చదవడానికి తెరిచే కర్సర్లదీ ఇదే కథ. ఒరాకిల్‌లో మనం మార్చకపోతే సెషన్‌కు 50 కర్సర్లే పరిమితి. లూపులో తెరుస్తూ పోయి మూయడం మరిస్తే ఓఆర్ఏ-01000 ఎర్రర్ వస్తుంది. అప్పుడు పరిమితి పెంచి ఊరుకోకండి, లీకు ఎక్కడుందో వెతకండి. నలుగురు వాడే టెస్టింగ్‌లో దాగిన లీకు పండగ రద్దీలో బయటపడుతుంది.

మూసే పనిని జ్ఞాపకశక్తికి వదలకండి. తెరిచినదాన్ని తానే మూసేందుకు జావా 7 నుంచి ట్రై-విత్-రిసోర్సెస్, పైథాన్‌లో విత్ ఉన్నాయి. అయితే ఏది దేన్ని మూస్తుందో చదివి తెలుసుకోండి. పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌ను వాడే సైకోపీజీ2 లైబ్రరీలో కనెక్షన్ మీద వాడిన విత్ ట్రాన్సాక్షన్‌ను ముగిస్తుందే తప్ప కనెక్షన్‌ను మూయదు. ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి మనిషి జవాబు కోసం ఆగకండి. వినియోగదారు ఓటీపీ కొట్టేదాకా లాకు పట్టుకోవడం తప్పు. సీటును గడువు పెట్టి తాత్కాలికంగా కేటాయించి కమిట్ చేయండి. డబ్బు అందాక మరో ట్రాన్సాక్షన్‌లో ఖాయం చేయండి.

రేపటి నుంచి ఎవరి కోడ్ చూసినా ఒక ప్రశ్న అడగండి: మధ్యలో ఎర్రర్ వస్తే దీన్ని ఎవరు మూస్తారు? జవాబు దొరకని కోడ్‌ను, అది మీదైనా సరే, ఆమోదించకండి.