చౌక డీజిలు చేయు చేటు
(కోలారులో సంఘసభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



మన కోలారు తెలుగువారిలో అనేక కుటుంబములకు లారీయో, ట్రాక్టరో జీవనాధారము. టమాటాల కాలమున బండి ఒక్కపూట నిలిచినను సరకు చెడును. కావున నేడు ఇంధనమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

మొదట నా తప్పు చెప్పుకొందును. లీటరుకు కొన్ని రూపాయలు కలిసివచ్చునని, రసీదు లేకుండ పీపాలలో డీజిలు కొంటిని. ముళబాగిలు దాటగనే టమాటాల లోడుతో బండి నిలిచినది. విప్పి చూడగా పంపు అరిగియున్నది, ఇంజెక్టర్లు చెడియున్నవి. మిగిలినది వందలు, పోయినది వేలు. అమ్మినవాడు మరల కనబడలేదు.

డీజిలు మండుటకు మాత్రమే కాదు. పంపునకు కందెనయు అదియే. కిరసనాయిలునకు ఆ గుణము తక్కువ. కల్తీ చేరినచో ఇనుము ఇనుమును ఒరసికొని అరుగును.

రెండవ శత్రువు నీరు. సగము ఖాళీగానున్న ట్యాంకులో రాత్రివేళ గాలిలోని తేమ నీరై అడుగున చేరును. దానివలన తుప్పు పట్టును. నీరు, డీజిలు కలియుచోట సూక్ష్మజీవులు పెరిగి, జిగట మడ్డియై ఫిల్టరును మూసివేయును. సాయంకాలమే ట్యాంకు నింపుడు. ఫిల్టరు క్రింది నీటిని తరచు వదలుడు.

ఇక సీసాలలోని మందులు. ఏ మందును కల్తీ డీజిలును మంచి డీజిలుగా మార్చజాలదు. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బి.ఎస్.-6 బండ్లకు గంధకము పదిలక్షల పాళ్లలో 10కి మించని డీజిలు కావలెను. వాడిన ఇంజనాయిలు కలిపినచో, దాని బూడిద పొగగొట్టములోని మసి ఫిల్టరును పూడ్చివేయును. 32.5 శాతము యూరియా గల డెఫ్ ద్రవమునకు ట్యాంకు వేరు. పొరపాటున డీజిలు ట్యాంకులో పోసినచో ఇంజను నడుపకుడు; ముందు ట్యాంకును కడిగింపుడు.

చివరగా ఒక్క మాట. మన కోలారు బంగారుగనుల పట్టణమున పెరిగిన మంజునాథ్ షణ్ముగం, చమురు కంపెనీ అధికారిగా ఉత్తరప్రదేశమున కల్తీ బంకులపై చర్య తీసికొనెను. 2005 నవంబరు 19న ఆయనను కాల్చి చంపిరి. వయస్సు 27 ఏండ్లు. కల్తీని అడ్డుటకు ఆయన ప్రాణమిచ్చెను. రసీదు అడుగుటకు, బంకులో సాంద్రత చూపుమనుటకు మనకు నోరు రాకున్న ఎట్లు? అమ్మువాడే కాదు, తెలిసి కొనువాడును కల్తీని పోషించుచున్నాడు. ఆ తప్పు నేనొకసారి చేసితిని; మీరు చేయవలదు.