మొదటిసారి డీజిలు పికప్ బండి కొన్న రైతులకు కొన్ని సూచనలు

(ప్రసంగ పాఠము)



షామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములలో పంట పండించుట ఎంత పనియో, పండినదానిని వాడిపోకముందే పట్టణము చేర్చుట అంత పని. లాల్‌గడి మలక్‌పేటలో సాయంకాలము కోసిన కొత్తిమీర, పాలకూర, టమాటా తెల్లవారకముందే బోయినపల్లి మార్కెటులో దిగవలెను. పూలైనచో గుడిమల్కాపూరు చేరవలెను. దారిలో బండి ఆగిపోయినచో ఆ దినపు ధర పోవును. ఆకుకూర అయినచో సరుకే పోవును. 2005లో టాటా ఏస్ అను చిన్న డీజిలు బండి వచ్చిన పిమ్మట చిన్న రైతు కూడ సొంత బండిని గూర్చి ఆలోచింపసాగెను. నేడు బొలెరో పికప్, అశోక్ లేలాండ్ దోస్త్ వంటివి పల్లెపల్లెకు వచ్చినవి.

బండి ఇంటికి వచ్చిన దినమున టెంకాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, పూలదండ వేయుదుము. మరునాటినుండి నెలనెలా వాయిదా కట్టవలెను. బండి నడిచినను, షెడ్డులో పడియున్నను వాయిదా ఆగదు. కావున బండిని ఆరోగ్యముగ నుంచుకొనుట మోజుకొరకు కాదు, ఇల్లు నిలుపుకొనుటకొరకు. ఎద్దును కొన్న రైతు దాని పళ్లు, గిట్టలు, మూపు చూచుకొనును. అది మేత ముట్టకున్న వెంటనే గ్రహించును. బండియు తన బాధను తెలుపును గాని, దాని భాష మనము నేర్చుకొనవలెను.

డీజిలు ఇంజను స్వభావము

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గు ఉండును. డీజిలు ఇంజనులో అది లేదు. గాలిని పదునారు, పదునెనిమిదవ వంతు వరకు అదిమినప్పుడు ఆ గాలి డీజిలును అంటించునంత వేడెక్కును. దానిలోనికి డీజిలును సన్నని తుంపరగ చిమ్మినంతనే అది అంటుకొనును. ఈ ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ మొదటి ఇంజనును 1897లో నడిపి చూపెను. 1900లో పారిస్ ప్రదర్శనలో ఇట్టి ఇంజను ఒకటి మన వేరుసెనగనూనె వంటి నూనెతోనే నడిచినది! అయితే నేటి ఇంజనులో ఎట్టి వంటనూనెయు పోయరాదు. ఇప్పటి ఇంజెక్టర్ల రంధ్రములు మిక్కిలి సన్ననివి.

ఈ ఇంజనుకు నాలుగే కావలెను: శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిలు, మంచి ఆయిలు, చల్లబరచు ద్రవము. ఈ నాలుగింటిలో దేనిని నిర్లక్ష్యము చేసినను ఇంజను మొరాయించును.

డీజిలులో నీరు, దుమ్ము

డీజిలుకు మొదటి శత్రువు నీరు. పొలములో డ్రమ్ములలో నిలువచేసిన డీజిలులోనికి చెమ్మ చేరును. వానాకాలపు రాత్రులలో సగము ఖాళీయైన ట్యాంకు లోపలి గోడలకు చెమట పట్టి నీటిబొట్లు దిగును. కావున వానాకాలమున సాయంకాలమే ట్యాంకు నింపి ఉంచుట మేలు. డీజిలు ఫిల్టరు క్రింద నీరు దిగు మర బిళ్ల ఉండును. అడుగున గాజుపాత్ర పెట్టి దానిని విప్పినచో నీరు, మురికి కనిపించును. నీటి గుర్తు దీపము వెలిగినచో బండిని ముందుకు నడపక ముందుగ నీటిని దింపవలెను.

చౌకగ వచ్చినదని కిరోసిను కలిపిన డీజిలు పోయరాదు. డీజిలుకు ఉన్న జిడ్డే పంపునకు నూనె. కిరోసినుకు ఆ జిడ్డు చాలదు. మీరు లీటరుకు మిగిల్చిన పది రూపాయలు ఇంజెక్టర్ల మరమ్మతులో వేలుగ తిరిగిపోవును.

ట్యాంకు పూర్తిగ ఎండనీయకుడు. ఎండినచో గొట్టములలో గాలి చేరి, డీజిలు పోసినను ఇంజను అంటుకొనదు. అప్పుడు ఫిల్టరుపైనున్న చేతిపంపును నొక్కి గాలిని వెడలింపవలెను. ఈ పని బండి కొన్ననాడే మెకానిక్కువద్ద నేర్చుకొనుడు. అర్ధరాత్రి టమాటా పెట్టెలతో రోడ్డుపై నిలిచినప్పుడు నేర్చుకొనుటకు వీలుండదు.

గాలి, ఆయిలు, నీరు

మన చల్కా నేలల దుమ్ము ఎండాకాలమున ఎట్లుండునో మీకు తెలియును. గాలి ఫిల్టరు ఆ దుమ్మును ఆపును. పుస్తకములో వ్రాసిన గడువు తారురోడ్లకు. మట్టిబాటన తిరుగు బండికి అంతకుముందే మార్చవలెను. గాలి పంపుతో గట్టిగ ఊదినచో కాగితము చిరిగి, కంటికి కనిపించని రంధ్రములు పడును. ఆ రంధ్రములగుండ పోయిన దుమ్ము ఇంజనును ఆకురాయివలె అరగదీయును.

ఆయిలును ప్రతిదినము ఉదయము, ఇంజను చల్లగ ఉన్నప్పుడు, చదునైన చోట కర్రతో చూడుడు. తగ్గినచో ఎక్కడనో కారుచున్నది. పెరిగినచో ఇంకను జాగ్రత్త, డీజిలో నీరో ఆయిలులో కలియుచున్నది. ఆయిలు పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని తెలిసికొని బండిని కదల్పకుడు. టర్బో ఉన్న బండిని బరువుతో నడిపి నిలిపిన వెంటనే ఇంజనును కట్టివేయరాదు. ఒక నిమిషము నెమ్మదిగ నడవనిచ్చినచో టర్బోకు ఆయిలు అంది అది చల్లబడును.

మన బోరునీళ్లు బరువైనవి. కాచిన గిన్నెలో తెల్లని పొరను అందరును చూచియే యుందురు. అదే నీరు రేడియేటరులో పోసినచో అదే పొర సన్నని గొట్టములలో పేరుకొని ఇంజను వేడెక్కును. కంపెనీ చెప్పిన కూలెంటును, అది కలుపవలసినదైనచో శుద్ధిచేసిన నీటితో మాత్రమే కలిపి, పోయుడు. వేడిగ ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయకుడు, ముఖము కాలును.

పొగగొట్టములోని వడపోత, యూరియా

2020 ఏప్రిల్ 1 నుండి దేశములో బి.ఎస్.-6 బండ్లనే క్రొత్తగ రిజిస్టరు చేయుచున్నారు. ఇట్టి అనేక డీజిలు బండ్ల పొగగొట్టములో మసిని పట్టు వడపోత ఉండును. మసి నిండినప్పుడు బండి ఆ వడపోతను సుమారు ఆరువందల డిగ్రీల వేడిమితో తనంతట తానే కాల్చి శుభ్రపరచుకొనును. ఊరిలో అరకిలోమీటరు, పొలమునకు ఒక కిలోమీటరు తిరుగు బండికి ఆ అవకాశము దొరకదు. దీపము వెలిగినచో రాజీవ్ రహదారిపైగాని, ఔటరు రింగు రోడ్డుపైగాని ఇరువది నిమిషములు ఒకే తీరుగ నడుపుడు, మధ్యలో ఆపకుడు. అప్పటికిని దీపము ఆరనిచో సర్వీసు కేంద్రమునకు తీసికొనిపొండు. ఆ వేడిమిలో ఉన్న బండిని వరిగడ్డిపైగాని, ఎండిన చొప్పపైగాని నిలుపరాదు. వామియు, బండియు కలిసి కాలిపోగలవు.

కొన్ని బండ్లలో డెఫ్ అను ద్రవమును వేరు ట్యాంకులో పోయవలెను. అది నూటికి 32.5 పాళ్లు యూరియా, మిగిలినది శుద్ధజలము. ఇది విన్నంతనే రైతుకు కొట్టములోని యూరియా బస్తా గుర్తుకు వచ్చును. సోదరులారా, ఆ పని చేయవద్దు. 2015 నుండి మన పొలపు యూరియాకంతటికి వేపనూనె పూత ఉన్నది. ఆ నూనె, దానిలోని ఇతర మలినములు పొగగొట్టములోని ఖరీదైన భాగమును మూసివేయును. పైగా సబ్సిడీ యూరియాను పొలమునకు కాక ఇతర పనులకు మళ్లించుట ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము నేరము. బస్తా యూరియా వరికే పొండు.

బరువు లెక్క

ఇది ముఖ్యమైన మాట, నిదానముగ వినుడు. "ట్రాలీ నిండినదా" అని కాదు, "ఎన్ని కిలోలు ఎక్కినవి" అని అడుగవలెను. ఆర్.సి.లో మొత్తము బరువు, ఖాళీ బండి బరువు వ్రాసియుండును. మొదటిదానినుండి రెండవది తీసివేయుడు. ఉదాహరణకు మొత్తము 2,900 కిలోలు, ఖాళీ బండి 1,600 కిలోలు అనుకొందము. మిగిలినది 1,300. డ్రైవరు, తోడు మనిషి కలిసి 150. ఇక 1,150 కిలోలు. పెట్టెతో కూడ 27 కిలోలుండు టమాటా పెట్టెలు 42 మాత్రమే ఎక్కవలెను.

అదే ట్రాలీలో ఇసుక నింపినచో ఏమగునో చూడుడు. రెండున్నర మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతున్న ట్రాలీలో రెండు ఘనమీటర్లకు పైగా పట్టును. ఘనమీటరు ఇసుక సుమారు 1,600 కిలోలు. అనగా ట్రాలీ అంచు వరకు నింపినచో మూడు టన్నులు దాటును! తడిసిన పశువుల ఎరువునకు కూడ లెక్క చూచుకొనవలెను. అనుమానమున్నచో వేబ్రిడ్జి కాటాపై ఒక్కసారి తూచుడు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టములో అధిక బరువునకు ఇరువది వేల రూపాయలు, ఆపై టన్నుకు రెండువేలు జరిమానా వ్రాయబడియున్నది. జరిమానాకంటె పెద్ద నష్టము, బ్రేకు పడక ఎదుటివానికి తగులుట.

బ్రేకులు, టైర్లు

బరువున్న బండిని ఆపుటకు ఖాళీ బండికంటె ఎక్కువ దూరము పట్టును. పెడలు మెత్తబడినను, లోనికి దిగినను, ఒక ప్రక్కకు లాగినను, కీచుమన్నను వెంటనే చూపింపుడు. బ్రేకు ద్రవము గాలిలోని చెమ్మను పీల్చుకొనును. అట్టి ద్రవము వేడెక్కినప్పుడు ఆవిరియై బ్రేకు పట్టదు. సామాన్యముగ రెండేండ్లకొకసారి దానిని మార్చవలెను. పల్లమున డీజిలు మిగులునని ఇంజను కట్టివేసి దిగువారు కలరు. ఇంజను ఆగినచో బ్రేకునకు బలమిచ్చు సాయము పోవును, స్టీరింగు బిగియును. చుక్క డీజిలుకొరకు ప్రాణమును పందెము పెట్టవద్దు. ఎక్కిన గేరులోనే దిగుడు.

టైర్ల గాలిని వారమునకొకసారి, బండి నడుపకముందు చల్లగ ఉన్నప్పుడు, కొలిపింపుడు. స్టెప్నీని మరువకుడు. గాడులమధ్య ఉన్న చిన్న గడ్డలతో టైరు సమమైనచో దాని ఆయువు తీరినదని అర్థము.

చేయదగిన మార్పులు, చేయరాని మార్పులు

బండి క్రొత్తగ ఉన్నప్పుడు చుట్టముగ వచ్చిన ప్రతివాడును ఒక సలహా ఇచ్చును. "ఇంకొక రెండు కమాను పట్టీలు వేయించుము, రెండు టన్నులు లాగును" అనును. కమాను పట్టీ వేసినచో బండి వెనుకభాగము క్రుంగదు, అంతే. ఇరుసు, బ్రేకు, ఛాసిస్, టైరు మునుపటివే గదా! బలహీనమైన కాడికి బలమైన పలుపు కట్టినట్లు. ట్రాలీ ప్రక్కపలకలు ఎత్తుచేయుట, కొలత మించిన టైర్లు, ఇంజను బలమును పెంచు పెట్టెలు, పొగ వడపోతను పీకించుట, కన్నులు చెదరు దీపములు — ఇవి ఏవియు వద్దు. ఆర్.సి.లో వ్రాసినదానికి భిన్నముగ బండిని మార్చినచో చట్టము ప్రకారము శిక్ష కలదు. గ్యారంటీ పోవును, బీమా సొమ్మునకు చిక్కు వచ్చును.

మరి ఏమి చేయవచ్చును? నేలపై గట్టి రబ్బరు పరుపు వేయింపుడు. మంచి టార్పాలిను, కట్టుత్రాళ్లు, కేబినునకు సామాను తగులకుండ వెనుక గట్టి జాలీ, చక్రములకు రెండు చెక్క ఆపులు, జాకీ క్రింద వేయుటకు మందపు పలక, మంటలార్పు చిన్న సిలిండరు, రాత్రి మెరయు పట్టీలు — ఈ ఖర్చు వృథా కాదు. ఆకుకూరలకు గాలి తగులు ప్లాస్టికు పెట్టెలు కొన్నచో సరుకు నలుగుట తగ్గును. రైతుకు ఇంతకంటె మంచి మార్పు వేరొకటి లేదు.

సామాను బండిలో మనుషులు

నాట్లకు, కోతలకు కూలీలను ట్రాలీలో నిలబెట్టి తీసికొనిపోవుట అలవాటైనది. మలుపులో వారు పట్టుకొనుటకు ఏమియు ఉండదు. అందులో అధికులు మన ఇండ్ల ఆడువారే. ప్రమాదము జరిగినప్పుడు సామాను బండిలో ఎక్కిన అట్టి ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహింపనక్కరలేదని సుప్రీంకోర్టు తీర్పులు గలవు. ఆ పరిహారము బండి యజమానిపై పడును. ఆ భారమునకు పొలము అమ్మవలసి రావచ్చును. డబ్బు మాట అటుంచుడు, పోయిన మనిషిని ఏ కోర్టు తెచ్చి ఇయ్యగలదు? కూలీలను ఆటోలోగాని, బస్సులోగాని పంపుడు. ఆ కిరాయి సాగు ఖర్చులో వ్రాసికొనుడు.

పత్రములు, పద్దు పుస్తకము

లైసెన్సు విషయమున ఒక ఊరట కలదు. మొత్తము బరువు 7,500 కిలోలు మించని సామాను బండిని సాధారణ లైటు మోటారు వాహనపు లైసెన్సుతో నడుపవచ్చునని సుప్రీంకోర్టు 2024 నవంబరు 6న స్పష్టపరచినది. ఫిట్‌నెస్ పత్రమును బండికి ఎనిమిదేండ్లు వచ్చువరకు రెండేండ్లకొకసారి, ఆపై ఏటేట తీసికొనవలెను. బీమా గడువు ఒక్క దినమైనను దాటనీయకుడు.

చివరిగా ఒక చిన్న పుస్తకము పెట్టుకొనుడు. తేది, మీటరు అంకె, పోసిన డీజిలు, ఆయిలు మార్చిన దినము, మరమ్మతు, కిరాయి అన్నియు వ్రాయుడు. ఇంటిలో చదువుకొను పిల్లకు ఆ పని అప్పగించినచో మరువకుండ వ్రాయును. లీటరుకు నడుచు కిలోమీటర్లు హఠాత్తుగ తగ్గినచో, ఏదో జబ్బు మొదలైనదని పుస్తకమే చెప్పును. తిరిగిన ప్రతి కిలోమీటరునకు రెండు రూపాయలు వేరు డబ్బాలో వేయుచుండుడు. టైర్లు మార్చునాడు వడ్డీవ్యాపారి గడప తొక్కనక్కరలేదు.

సోదరులారా! ఎద్దు అలసినచో మనము కాడి దించుదుము. బండి అలసినదని చెప్పలేదు, దీపముతో, చప్పుడుతో, పొగతో సైగచేయును. రేపు ఉదయము బండి తీయుటకుముందు ఐదు నిమిషములు చాలును: ఆయిలు, కూలెంటు, టైర్లు, బ్రేకు, దీపములు, బండి క్రింద నేలపై ఏదైన కారినదా అని చూచుట. ఈ ఐదు నిమిషముల అలవాటు చేసికొన్న రైతు బండి వాయిదాలు తీరిన పిమ్మట కూడ చాలకాలము సేవచేయును. అప్పుడు అది నిజముగ మీ సొంత బండి అగును.