ఇండోర్ సరాఫా నైట్ మార్కెట్: 10 ఐటమ్స్ ఛాలెంజ్ ఏడో ప్లేట్ దగ్గర ఎందుకు ఆపేశానంటే

ఈ ఎపిసోడ్ ఇండోర్ నుంచి. టైటిల్ చూసి "వీడు ఛాలెంజ్ ఓడిపోయాడు రా" అనుకుంటున్నారు కదా. నిజమే, ఏడో ప్లేట్ దగ్గర ఆపేశా. కానీ కడుపు నిండి కాదు. ఎందుకో చెప్తా. ముందు ఆ వీధి ఎలా ఉంటుందో చూద్దాం రండి.

ఇండోర్ నడిబొడ్డున రాజ్‌వాడా ఉంది, హోల్కర్ల కాలం నాటి ఏడంతస్తుల ప్యాలెస్. దానికి దగ్గర్లోనే సరాఫా బజార్. పగలు వెళ్తే అన్నీ బంగారం, వెండి షాపులే. రాత్రి ఎనిమిది దాటాక షట్టర్లు ఒక్కొక్కటే దిగుతాయి. వాటి ముందే పొయ్యిలు, మూకుళ్ళు, పెద్ద పెద్ద పళ్ళేలు వచ్చేస్తాయి. పదింటికల్లా కాలు పెట్టే సందు ఉండదు. అర్ధరాత్రి దాటినా జనం తగ్గరు. మరి నగల షాపుల వాళ్ళు దీనికి ఎలా ఒప్పుకున్నారు అని అడిగితే, అక్కడివాళ్ళు నవ్వుతూ చెప్పే మాట ఒకటే: రాత్రంతా జనం తిరుగుతుంటే దొంగ ఎలా వస్తాడు? అంటే జిలేబీ బండే వాచ్‌మన్ అన్నమాట.

మా ప్లాన్ సింపుల్. నేను, నా రూమ్మేట్. కెమెరా వాడిది, నోరు నాది. రెండు గంటల్లో 10 ఐటమ్స్.

ఫస్ట్, భుట్టే కా కీస్. లేత మొక్కజొన్నని కోరి, నేతిలో ఆవాలు, పచ్చిమిర్చి వేసి, పాలు పోసి ఉడికిస్తారు. చూడ్డానికి మన ఉప్మాకి దూరపు చుట్టంలా ఉంటుంది. కాస్త తియ్యగా, కాస్త కారంగా. సెకండ్, సాబుదానా ఖిచిడీ. ఇక్కడ నాకు చిన్న షాక్. సాబుదానా అంటే మన సగ్గుబియ్యమే కదా. మాది పెద్దాపురం. మా వైపు కర్రపెండలం చేలు, సగ్గుబియ్యం మిల్లులు చూస్తూ పెరిగా. మా ఇంట్లో సగ్గుబియ్యం అంటే పాయసం, లేదంటే వడియాలు. అంతే. ఇక్కడ దాన్ని ఆవిరి మీద వేడిగా ఉంచి, మసాలా, కొత్తిమీర, నిమ్మరసం, కరకరలాడే మిక్స్చర్ కలిపి ఇస్తున్నారు. థర్డ్, ఖోప్రా ప్యాటీస్. ఆలూ ముద్ద లోపల కొబ్బరి పెట్టి వేయించింది. తర్వాత దహీ వడ. తర్వాత శికంజీ. నిమ్మకాయ నీళ్ళు అనుకునేరు, ఇండోర్ శికంజీ చిక్కటి పాలతో చేస్తారు. ఆరోది జలేబా, అంటే నా అరచేతికంటే పెద్ద జిలేబీ.

ఇప్పుడు ఒక నిజం చెప్తా. ఈ ఆరింటిలో నేను ఒక్కటి కూడా పూర్తిగా తినలేదు.

ఫుడ్ వీడియో ఎలా తీస్తామో తెలుసా? ప్లేట్ కెమెరాకి చూపిస్తాం. ఒక్క ముద్ద. కళ్ళు మూసుకుని "మ్మ్... అబ్బా!" కట్. నెక్స్ట్ బండి. రెండో ముద్ద తింటుంటే మీరు ముందుకి జరిపేస్తారు, నా గ్రాఫ్ ధబేల్‌మని పడిపోతుంది. మీ తప్పు కాదులెండి, నేనైనా అదే చేస్తా. పైగా రెండు గంటల్లో 10 ప్లేట్లు ఏ మనిషీ తినలేడు. మరి మిగిలింది? కొంత రూమ్మేట్ తింటాడు. మిగతాది డస్ట్‌బిన్‌లోకి. అది మీకు కనిపించదు, ఎందుకంటే మేము కట్ చేసేది అక్కడే.

ఏడోది గరాడూ. చలికాలంలోనే దొరుకుతుంది. అది మన పెండలం దుంపే! ముక్కలు కోసి నూనెలో వేయించి, పైన నిమ్మకాయ పిండి, జీరావన్ అని జీలకర్ర, నల్ల ఉప్పు, ఆమ్‌చూర్ లాంటివి కలిపిన పొడి చల్లుతారు. బండి మీద ఒక పెద్దాయన. ఒక ముక్క తిన్నా, "సూపర్" అన్నా, కట్. నాలుగడుగులు వేసి ప్లేట్ డస్ట్‌బిన్‌లో పడేశా. 2017 నుంచి 2023 దాకా వరసగా ఏడుసార్లు దేశంలో క్లీన్ సిటీగా ఫస్ట్ వచ్చిన ఊరు కదా, రోడ్డు మీద పడేయకుండా బిన్‌లో వేసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నా కూడా.

వెనక నుంచి పిలుపు. "క్యా హువా బేటా? నమక్ కమ్ థా?" ఏమైంది బాబూ, ఉప్పు తక్కువైందా?

తిట్టలేదు. కోపం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నేను "నహీ దాదా, అచ్ఛా థా" అన్నా. ఆయన నమ్మలేదు. మూకుడులోంచి ఒక ముక్క తీసి, నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, ఆలోచించి, వేయించి పెట్టిన ముక్కల మీద ఇంకొంచెం పొడి చల్లాడు.

ఫ్రెండ్స్, అక్కడ నాకు కాళ్ళు కదల్లేదు. ఎందుకంటే ఆ పని నేను చిన్నప్పటి నుంచి చూశా. మా అమ్మది టిఫిన్ బండి. నా బీటెక్ ఫీజు ఆ ఇడ్లీ, పునుగులే కట్టాయి. ఎవరైనా ప్లేట్‌లో సగం ఇడ్లీ వదిలేసి వెళ్తే అమ్మ వాళ్ళని ఏమీ అనదు. వాళ్ళు వెళ్ళాక చట్నీలో వేలు ముంచి నాకి చూస్తుంది. "ఒరేయ్, నువ్వు చూడరా, పులిసిందా?" అని నన్ను అడుగుతుంది. పాపం ఆయనకి బస్సు వచ్చేసిందేమో. అయినా రాత్రి పడుకునే ముందు కూడా అమ్మ బుర్రలో ఆ సగం ఇడ్లీయే తిరుగుతుంటుంది.

అలాంటి అమ్మ కొడుకుని. ఎన్ని ఊళ్ళలో ఎంతమందిని అలా ఆలోచనలో పడేశానో నాకే లెక్క లేదు.

కెమెరా ఆఫ్ చేయమన్నా. "ఒరేయ్, ఇంకా మూడే ఉన్నాయి రా" అన్నాడు రూమ్మేట్. వద్దన్నా. వెనక్కి వెళ్ళి నా హైదరాబాద్ హిందీలో జరిగింది చెప్పా: దాదా, ఉప్పు సరిగ్గానే ఉంది, వీడియో కోసం ఒక్క ముక్కే తిన్నా, తప్పు నాది. ఆయనకి సగం అర్థమైనట్టుంది. ఇంకో ప్లేట్ కట్టి, డబ్బులు తీసుకుని, పక్కనున్న నగల షాపు మెట్లు చూపించి కూర్చుని తినమన్నాడు.

తిన్నా. మొత్తం తిన్నా. మొదటి ముక్కలో తెలిసింది కరకర, ఉప్పు, పులుపు, అంతే. మూడో ముక్కకి లోపలి దుంప వెన్నలా కరగడం తెలిసింది. అడుగున నిమ్మరసం, పొడి కలిసి ఊరిన ముక్కలున్నాయి చూశారూ, అసలు రుచి అక్కడుంది! అంటే ఇన్నాళ్ళూ నేను మీకు చెప్పినవి రివ్యూలు కావు. మూడేళ్ళు టెస్టింగ్ జాబ్ చేశా. లాగిన్ పేజీ ఒక్కటి చూసి మొత్తం యాప్ ఓకే అని మెయిల్ పెడితే మా మేనేజర్ ఊరుకునేవాడా?

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పా. తిడుతుందనుకున్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయ్యో, నీ మాట విని ఆ తాతగారు మిగతా ముక్కల్లో ఉప్పు ఎక్కువేసేశారేమో రా" అంది.

దానికి నా దగ్గర సమాధానం లేదు.

సో, ఇకనుంచి మన ఛానల్‌లో 10 ఐటమ్స్ ఛాలెంజ్‌లు ఉండవు. రాత్రికి మూడే. ఇద్దరికి ఒక ప్లేట్. ప్లేట్ ఖాళీ అయ్యాకే రివ్యూ. వ్యూస్ తగ్గితే తగ్గనీ, చూద్దాం. మీరు సరాఫాకి వెళ్తే తొమ్మిదిన్నర తర్వాత వెళ్ళండి, మధ్యాహ్నం తిండి తగ్గించుకోండి, ఫ్రెండ్స్‌తో పంచుకుని తినండి. ఒకవేళ తినలేక వదిలేస్తే, "బాగుంది, కడుపు నిండిపోయింది" అని బండి ఆయనకి ఒక్క మాట చెప్పి వెళ్ళండి. ఆ రాత్రి ఆయన ప్రశాంతంగా పడుకుంటాడు.

మీ ఊళ్ళో ప్లేట్ నాకేసేలా తినే బండి ఏదో కామెంట్స్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్ పెద్దాపురంలో, మా అమ్మ బండి దగ్గర. ఇన్నేళ్ళలో అక్కడ ఒక్క వీడియో కూడా తీయలేదు నేను. ఉంటా మరి, బై!