శాతం గుర్తు మింగేసిన వాక్యం

రాజమండ్రికి అచ్చుపని కొత్త కాదు. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టిన కందుకూరి వీరేశలింగం, తర్వాత ఊళ్లోనే సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు. ఆ రోజుల్లో తప్పు దొర్లితే సీసపు అక్షరాన్ని తీసి మరొకటి పెట్టేవారు. ఇప్పుడు తప్పెక్కడుందో వెతకడమే సగం పని.

డొనాల్డ్ నూత్ 1978లో తెచ్చిన అచ్చుకూర్పు ప్రోగ్రాం టెక్, దాని మీద లెస్లీ లాంపోర్ట్ కట్టిన లేటెక్‌లలో ఆదేశాలన్నీ పాఠంతో కలిపే టైపు చేయాలి. కోనసీమ రైతు కోసం ‘ధాన్యంలో తేమ 17% మించకూడదు’ అని కరపత్రంలో రాశారనుకోండి. అచ్చులో ‘ధాన్యంలో తేమ 17’ దగ్గరే ఆగిపోతుంది! శాతం గుర్తు తర్వాత ఆ వరసలో ఉన్నదంతా రాసినవారి సొంత గమనిక అనుకుని టెక్ వదిలేస్తుంది. తప్పు జరిగిందని ఒక్క మాటైనా చెప్పదు, అదీ తంటా. గుర్తుకు ముందు వెనక్కి వాలిన గీత ఒకటి పెడితే వాక్యం తిరిగొస్తుంది.

తెలుగు చిక్కులు వేరు. జొనాథన్ క్యూ 2004లో విడుదల చేసిన జీటెక్ అనే టెక్ రూపం మన యూనికోడ్ ఫాంట్లను నేరుగా వాడుకుంటుంది. అయితే ఫాంటు పేరుతోపాటు లిపి తెలుగని కూడా చెప్పాలి. లేకపోతే ‘ధవళేశ్వరం’ అన్న మాటలో వ-వత్తు కిందికి దిగకుండా, పొల్లు ‘శ్’ పక్కన ‘వ’ విడిగా నిలబడుతుంది.

సాఫ్ట్‌వేర్ అన్న మాటలో తిరకాసు ఇంకోలా ఉంటుంది. ‘ట్’ తర్వాత కంటికి కనపడని విడదీత అక్షరం టైపు చేయకపోతే ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది.

ఫాంటులో లేని అక్షరం సంగతి చాలాసార్లు టెక్ రాసిపెట్టే లాగ్ ఫైలులోనే దొరుకుతుంది. అక్కడా తేలకపోతే పాతకాపులు సగం పాఠాన్ని పక్కన పెట్టి, మిగతా సగాన్ని నడిపి చూస్తారు. తప్పున్న సగాన్ని మళ్లీ సగం చేస్తారు.