మన ఫోటో కింద మాట ఎవరిది?



ఊళ్లో మనల్ని ఎవడు ఏ పేరుతో పిలిచాడో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ పేరు ఇప్పుడు కంప్యూటర్‌లోకి కూడా ఎక్కింది. ఎట్లా ఎక్కిందో చెప్పడానికే మేం నిలబడ్డాం.

లైబ్రరీల్లో, మ్యూజియంల్లో పాత ఫోటోలు, పత్రికలు లక్షలాదిగా స్కాన్ చేసి కంప్యూటర్లలో పెడుతున్నారు. ప్రతిదాని కింద 'ఇది ఫలానా' అని రాయాలి గదా. అంత రాసే మనుషులు లేరు. అందుకని మిషన్‌కి నేర్పుతున్నారు. ఇది గుర్రం, ఇది పెళ్లి అని వేల బొమ్మలకు ముందు మనుషులే పేర్లు చెప్తారు. తర్వాత కొత్త బొమ్మ చూపిస్తే అది ఊహిస్తుంది. ఊహే, తెలివిడి కాదు. పని మాత్రం జోరుగా చేస్తుంది, కాదనం. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో 2020లో 1 కోటి 60 లక్షలకు పైగా పాత పత్రికల పేజీల్లోంచి ఫోటోలు, కార్టూన్లు ఇట్లాగే ఏరారు. చేత్తో ఏరాలంటే ఎన్ని తరాలు కూర్చోవాలి?

మరి దానికి నేర్పిందెవరు? అక్కడే ఉంది మెలిక. 2009లో అమెరికాలో ఇమేజ్‌నెట్ అనే పెద్ద బొమ్మల కుప్ప తయారైంది. బొమ్మలకు పెట్టే పేర్లు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీవాళ్ల వర్డ్‌నెట్ అనే మాటల పట్టీలోంచి తెచ్చారు. ఆ పట్టీలో మనమూ ఉన్నాం. 'అంటరానివాడు', 'హరిజన్' రెండూ ఒకే గడిలో, ఇండియాలో అన్నిటికన్నా కింది తరగతివాడని అర్థం రాసి! రాసేముందు మనల్ని అడిగినోడు లేడు. 2015లో గూగుల్ ఫోటోల మిషన్ ఇద్దరు నల్లజాతి మనుషుల బొమ్మకు గొరిల్లాలని పేరు పెట్టింది. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. 2019లో నలుగురూ వేలెత్తి చూపాక ఇమేజ్‌నెట్‌వాళ్లు 6 లక్షల మనుషుల బొమ్మలు తీసేస్తామన్నారు.

మన కరంచేడు సంగతే తీసుకోండి. 1985లో ఊరొదిలి చీరాలలో శిబిరం వేసుకున్న మాదిగల ఫోటో ఒకటి ఈ మిషన్ ముందు పెట్టారనుకోండి. 'గుడారాలు, ఆడవాళ్లు, పిల్లలు' అంటుంది. జాతరకొచ్చినోళ్లకీ అదే మాట. ఎవరు తరిమితే వచ్చారో బొమ్మలో కనపడదు. మనిషి చెప్పాలి.

అందుకని మేమొకటి అడుగుతున్నాం. మీ ట్రంకుపెట్టెల్లోని సభల ఫోటోలు, కరపత్రాలు స్కాన్‌కి ఇచ్చేముందు ముసలోళ్ల దగ్గర కూర్చోండి. ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏం జరిగింది, అన్నీ వెనకాల పెన్సిల్‌తో రాయండి. (పెన్నుతో వద్దు, సిరా ముందుకి దిగుద్ది.) మిషన్ రాసిన మాట పక్కన 'మిషన్ రాసింది' అని విడిగా గుర్తు పెట్టమనండి. ఆ రోజులు చూసినోళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. వచ్చే ఆదివారం మా దగ్గరున్న 2 పెట్టెలూ ఇక్కడికే తెస్తాం. మీవి మీరు పట్టుకురండి.