చెప్పుల జత, ఫోటాన్ల జత: ఎంటాంగిల్‌మెంట్‌ని కొలిచేదెలా?

రెండు కణాలు ఎంటాంగిల్ అయ్యాయంటారు కదా, అది నిజమని ఎలా తేలుస్తారు? ఇవాళ్టి ఎపిసోడ్ అదే.

ఒక చెప్పుల జత విడదీసి, ఒకటి విజయవాడకి, ఒకటి వరంగల్‌కి పార్సిల్ చేశాం అనుకోండి. విజయవాడలో విప్పితే ఎడమ చెప్పు. అంటే వరంగల్‌లో ఉన్నది కుడిది. ఇందులో వింతేం లేదు, ప్యాక్ చేసినప్పుడే అది తేలిపోయింది. మరి కణాలు కూడా ఇంతేనేమో? 1935లో ఐన్‌స్టైన్, ఇంకో ఇద్దరితో కలిసి ఇలాంటి అనుమానమే లేవనెత్తాడు. అది చాలాకాలం వాదనగానే ఉండిపోయింది. 1964లో జాన్ బెల్ దాన్ని లెక్కలోకి దించాడు. ఆ లెక్కని ల్యాబ్‌కి పనికొచ్చేలా 1969లో క్లౌజర్ బృందం మార్చింది.

లెక్క ఇదీ. జంట ఫోటాన్లు చెరో పక్కకి వెళ్తాయి. రెండు పక్కలా ఒక్కో ఫిల్టర్. దాన్ని రెండు కోణాల్లో ఏదో ఒకదానికి తిప్పొచ్చు. జవాబు ప్లస్ 1 లేదా మైనస్ 1. ఈ పక్క కోణాల జవాబులు ఏ, ఏ1. ఆ పక్కవి బి, బి1. ఇవన్నీ చెప్పుల్లాగా ముందే ఖాయమై ఉన్నాయి అనుకుందాం. ఇప్పుడిది చూడండి:

ఏ × (బి + బి1) + ఏ1 × (బి − బి1)

బి, బి1 ఒకటే అయితే రెండో బ్రాకెట్ సున్నా. వేరైతే మొదటిది సున్నా. మిగిలేది ప్లస్ 2, లేదంటే మైనస్ 2. కాబట్టి సగటు 2 దాటదు. కాగితం మీద మీరే వేసి చూడండి.

ఒక జతతో ఇది తేలదు, ఎందుకంటే ఒక్కో పక్క ఒక్క కోణమే కొలవగలం. అందుకే బోలెడు జతలు పంపి, కోణాలు మారుస్తూ, సగటు తీస్తారు. క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం ఇది 2.828 దాకా వెళ్లొచ్చు.

మరి ల్యాబ్ ఏమంది? 1972లో బర్క్‌లీలో ఫ్రీడ్‌మన్, క్లౌజర్ కాల్షియం అణువుల వెలుగుతో కొలిస్తే బెల్ హద్దు దాటింది. 1982లో ఫ్రాన్స్‌లో ఆస్పె బృందం ఫోటాన్లు దారిలో ఉండగానే కోణాలు మార్చింది. అప్పుడూ దాటింది. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1.3 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు వజ్రాల్లోని ఎలక్ట్రాన్లని 245 సార్లు కొలిస్తే 2.42 వచ్చింది. అంటే చెప్పుల కథ ఇక్కడ చెల్లదు. 2022 ఫిజిక్స్ నోబెల్ క్లౌజర్, ఆస్పె, జైలింగర్‌లకి వచ్చింది ఇలాంటి ప్రయోగాలకే.

దీంతో కాంతి కంటే వేగంగా మెసేజ్ పంపొచ్చా? కుదరదు. ఒక్క పక్క జవాబులే చూస్తే బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంటాయి. రెండు లిస్టులూ పక్కన పెట్టి పోలిస్తేనే సంబంధం కనిపిస్తుంది. కానీ రహస్య తాళాలు పంచుకోడానికి ఇది పనికొస్తుంది. మధ్యలో ఎవరైనా ఫోటాన్లని కొలిచి దొంగచాటుగా వింటే ఆ జత సంబంధం చెడుతుంది, ఆ నంబర్ పడిపోతుంది. దొంగ దొరికిపోతాడు.