యార్క్‌షైర్ పల్లెలో మన గార్డు మిత్రుడు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు వల్ల మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. ఆ తీర్పు గురించి చెప్పడానికి నాకంటే సమర్థులు ఇక్కడున్నారు. కార్యదర్శిగారు నన్ను మొన్నటి ఇంగ్లండు ప్రయాణం గురించి చెప్పమన్నారు. నాలుగు ముక్కల్లో చెప్పి ముగిస్తాను.

డోర్నకల్‌లో గూడ్సు గార్డుగా పనిచేసిన మన మిత్రుడు మీలో చాలామందికి తెలుసు. భార్య పోయాక కూతురు తన దగ్గరకు తీసుకువెళ్లింది. ఆ అమ్మాయి ఉత్తర ఇంగ్లండులో డాక్టరు. యార్క్‌షైర్‌లో సెటిల్ అనే చిన్న ఊరి పక్క పల్లెలో కాపురం. మొదట్లో మావాడు ప్రతి ఆదివారం ఫోనులో అరగంట మాట్లాడేవాడు. పోనుపోను అది రెండు నిమిషాలకు వచ్చింది. ఒకరోజు ఆ అమ్మాయే ఫోను చేసి, "బాబాయ్, నాన్న పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చుంటున్నారు. ఒక్కసారి వచ్చి వెళ్లండి" అన్నది. జూన్ నెలలో బయల్దేరాను.

లీడ్స్‌లో రైలెక్కితే సుమారు గంటలో సెటిల్ వస్తుంది. ఎటు చూసినా పచ్చగడ్డి కొండలు, గొర్రెలు. పొలాల చుట్టూ సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. జూన్‌లో కూడా నేను స్వెట్టరు విప్పలేదు. రాత్రి పదింటికి గాని చీకటి పడదు.

మావాడు ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు గాని కదల్లేదు. రైలు వెళ్లి, చివరి పెట్టె ఎర్రదీపం కనబడ్డాకనే నా వైపు తిరిగాడు. "లాస్ట్ వెహికల్ చూసుకోవాలి కదరా" అన్నాడు. మనవాడు మనవాడుగానే ఉన్నాడని నాకు ధైర్యం వచ్చింది.

మర్నాడు రిబుల్‌హెడ్ వంతెనకు వెళ్లాం. 24 ఆర్చీలు, 104 అడుగుల ఎత్తు, పావు మైలు పొడవు. సెటిల్ నుంచి కార్లైల్ దాకా కొండల మీదుగా వేసిన ఈ లైను 1876లో ప్రయాణికులకు తెరిచారు. కట్టిన కూలీలు ఆ బురదనేలలోనే గుడిసెలు వేసుకుని పెళ్లాంబిడ్డలతో బతికారు. ప్రమాదాలకు, మశూచికి ఎందరో పోయారు. దగ్గరలోని చాపెల్-లి-డేల్ చర్చి ఆవరణలో రెండు వందలకు పైగా మందిని పూడ్చారు. అక్కడ మావాడు టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత మన గ్యాంగ్‌మెన్ల గురించి మొదలుపెట్టి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

చివరకు అన్నాడు: "ఇక్కడ అందరూ మంచివాళ్లేరా. బిడ్డ, అల్లుడు బాగా చూసుకుంటారు. కాని నన్ను 'ఏరా' అని పిలిచేవాడు లేడు. వచ్చేయనా?"

నా దగ్గర జవాబు లేకపోయింది. ఇక్కడ అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే ఎవరున్నారు? అక్కడ కన్నబిడ్డే డాక్టరు.

ఆ లైనును కూడా ఒకప్పుడు మూసేద్దామనుకున్నారు. 1980లలో, వంతెన బాగుకు ఖర్చెక్కువని బ్రిటిష్ రైల్ వాళ్లు అన్నారు. ఆ లైను మిత్రులమని 1981లో కొందరు సంఘం పెట్టుకున్నారు. 22 వేలకు పైగా అభ్యంతరాలు వెళ్లాయి. అందులో రస్సప్ అనే కుక్క పాదముద్ర కూడా ఒకటి! 1989 ఏప్రిల్‌లో ప్రభుత్వం మూసివేతకు ఒప్పుకోలేదు. గార్స్‌డేల్ స్టేషన్‌లో ఆ కుక్క కంచు విగ్రహం ఉంది. ఆ సంఘం సభ్యులు సెటిల్ స్టేషన్‌లో జీతం లేకుండా దుకాణం నడుపుతారు. మావాణ్ణి తీసుకెళ్లి పరిచయం చేశాను. గార్డని తెలిశాక వాళ్లు వదల్లేదు. ఇప్పుడు వారానికొక రోజు అక్కడికే వెళుతున్నాడు. ఫోను మళ్లీ అరగంట అయింది.

తర్వాత మన డోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరో మహాసభలో, మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలి అని అడిగారు. ముసలితనంలో మనం అడిగేదీ అదే. పిల్లలు అన్నీ అమర్చగలరు, స్నేహితుణ్ణి అమర్చలేరు.

వెళ్లదలచినవారికి ఒక మాట. అక్కడి విజిటర్ వీసా మీద సాధారణంగా ఆరు నెలల దాకా ఉండవచ్చు. ఆసుపత్రిలో చేరితే ఖర్చు మనదే. ప్రయాణ బీమా లేకుండా బయల్దేరవద్దు.

ఇక నా మనవి. స్నేహితుణ్ణి చూడటానికి ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. గార్లలో, కారేపల్లిలో, మహబూబాబాద్‌లో మన సభ్యులు కొందరు మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలడం లేదు. ఇవాళ సభకు రానివారి పేర్లు రాసి తలా ఒకటి తీసుకుందాం. వచ్చే నెల సమావేశంలోగా ఆ ఇంటి తలుపు తట్టి, "ఏరా, బాగున్నావా?" అందాం.